ఉద్దానం నుంచి కడలెకాయి పరిషె దాకా

గురువారం

పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో చిన్నక్కకి అమ్మ కట్టిచ్చిన జీడిపప్పు. రెండోదాంట్లో వేళ్లతో సహా పీకి, తడి గోనెపట్టా చుట్టిన ఎండు బాదం మొక్క. చచ్చిన మొక్కని బెంగళూరు దాకా మోసుకెళ్లడమేంట్రా అని అమ్మ విసుక్కుంది. ఎందుకు చచ్చిందో తెలిసినవాళ్లకి చూపించాలి కదమ్మా అన్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో మా ఉద్దానాన్ని పడుకోబెట్టేసింది. కొబ్బరి, జీడి, పనస, ఏ తోట చూసినా నేలమట్టమే. మా తాత గింజ పెట్టి పెంచిన జీడిచెట్లు వేళ్లు పైకి లేపుకుని పడి ఉంటే, తెల్లారి నాన్న వాటి మధ్య నడుస్తూ ఒక్కో చెట్టునీ చేత్తో తాకడం నా కళ్లలో ఇంకా ఉంది. ఎకరంన్నర తోటలో పదకొండు చెట్లు మిగిలాయి. ఖాళీ అయిన నేలలో ఏం వేయాలన్న మాట అప్పట్నుంచీ ఇంట్లో నలుగుతూనే ఉంది. నాన్న మళ్లీ జీడే అంటాడు. నాకేమో ఫోన్లో చూసిన వీడియోలన్నీ బుర్రలో తిరుగుతుంటాయి. బాదం, పిస్తా, మకడమియా. అన్నీ ఖరీదైన పప్పులే.

పోయినేడాది ఒక నర్సరీవాళ్లు ‘వేడి ప్రాంతాలకి పనికొచ్చే బాదం, మూడేళ్లకి కాపు’ అని చెబితే నమ్మి, మొక్క 650 రూపాయల చొప్పున పన్నెండు తెప్పించాను. పది నెలలు తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. సంచిలో ఉన్నది ఆఖర్న పోయిన మొక్క. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

శుక్రవారం

తెల్లారేసరికి రైలు అనంతపురం జిల్లాలో ఉంది. కిటికీ బయట ఎర్రనేల, అక్కడక్కడా పీకి కుప్పలేసిన వేరుశనగ కట్టెలు. ఎదుటి సీట్లో పెద్దాయన వాటిని చూస్తూ ‘ఈసారి బుడ్డలు తాలుపోయినాయప్పా, ఊడ దిగే టయానికి వాన లేదు’ అన్నాడు. మేం వేరుశనగ అనేదాన్ని వాళ్లు బుడ్డలంటారు, శెనక్కాయలంటారు. ధర్మవరంలో దిగిపోతూ నా సంచిలోంచి బయటికి చూస్తున్న ఎండు కొమ్మని చూసి, ‘ఏం చెట్టది?’ అన్నాడు. బాదం అన్నాను. ‘మన ఎండకా!’ అని తలూపి వెళ్లిపోయాడు.

అక్కావాళ్లుండేది కె.ఆర్.పురంలో. వీధిలో సగం ఇళ్లు మనవాళ్లవే. సాయంత్రం మేనకోడలు నా సంచి కథ విని, ‘మామయ్యా, బాదం చెట్టు మన వీధి చివరే ఉంది కదా, చచ్చిపోలేదుగా!’ అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. అది నాటు బాదం. గొడుగుల్లా అంతస్తులుగా పరిచిన కొమ్మలు, రాలే ముందు ఎర్రగా మారే వెడల్పాటి ఆకులు. చిన్నప్పుడు గబ్బిలాలు మా చూరు కింద రాల్చిపోయిన కాయల్ని రాయి మీద పెట్టి కొట్టుకుని తినేవాళ్లం. నాలుగు కాయలు కొడితే గుప్పెడు కూడా రాదు గానీ ఆ సన్నటి పప్పు రుచి అచ్చం బాదమే. పేరు ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. అంగట్లో బాదం గులాబీ కుటుంబానిది. మన నాటు బాదం కరక్కాయకీ, తానికాయకీ, తెల్లమద్దికీ దాయాది. ఉప్పుగాలికీ ఇసుకకీ తట్టుకునే చెట్టు. తిత్లీకి మా బడి ముందున్న నాటు బాదం కొమ్మలు పోగొట్టుకుని కూడా మళ్లీ చిగురేసింది. ఆ సంగతి గుర్తొచ్చి ఆ చెట్టు కింద కాసేపు నిలబడ్డాను.

శనివారం

బావకి తెలిసిన మాస్టారొకాయన ఉన్నారు. సొంతూరు హిందూపురం, పిల్లలకి భూగోళం చెప్పి రిటైరయ్యారు. దొడ్డబళ్లాపుర అవతల రెండెకరాలు కొనుక్కుని పళ్లచెట్లు పెంచుతున్నారు. ఆయన దగ్గర రెండు మకడమియా చెట్లున్నాయని విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. పొద్దున్నే బావ బండి మీద బయల్దేరాం.

మాస్టారు ముందు నా మొక్కని చేతిలోకి తీసుకున్నారు. చాకుతో కాండం మీద బెరడు గీకారు. పచ్చదనం ఎక్కడా లేదు, అంతా గోధుమరంగు. తర్వాత వేళ్లని బకెట్ నీళ్లలో ముంచి మట్టి వదిలించి, పెన్సిలంత వేరొకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగారు. పైతోలు గొట్టంలా జారి ఊడొచ్చింది. లోపల దారంలాంటి పుల్ల మిగిలింది.

‘నీళ్లు నిలిచి వేరు కుళ్లింది బాబూ. మీ తీరంలో కురిసే వానకి ఇది తట్టుకోదు. ఒకవేళ బతికినా నీకు కాయ దక్కేది కాదు’ అన్నారు.

ఎందుకో చెప్పడానికి ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అరగంట తీసుకున్నారు. బాదం, అక్రోటు, పిస్తా, ఇవన్నీ గట్టి చలికాలాలున్న దేశాల చెట్లు. ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్రలో చెట్టు చలిని గంటల లెక్కన కూడబెట్టుకుంటుంది. మామూలుగా 7.2 డిగ్రీల లోపు గడిచిన ఒక్కో గంటనీ ఒక చలిగంటగా లెక్కేస్తారు. బాదానికి రకాన్ని బట్టి సుమారు 200 నుంచి 600 గంటలు కావాలి. పిస్తాకీ అక్రోటుకీ ఇంకా ఎక్కువ. లెక్క పూర్తికాకపోతే వసంతం వచ్చినా మొగ్గ సరిగ్గా విడవదు. కొన్ని కొమ్మలు చిగురిస్తాయి, కొన్ని మొద్దుబారి ఉండిపోతాయి, పూత వచ్చినా ఒక్కసారిగా రాదు. ఏడాదికేడాది చెట్టు నీరసిస్తుంది. పిస్తాలో ఇంకో చిక్కు, ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. చలి సరిపోకపోతే రెండూ ఒకే సమయానికి పూయవు.

‘బెంగళూరు చల్లగానే ఉంటుంది కదండీ’ అన్నాడు బావ.

మాస్టారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. ‘బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు. అంతకంటే దిగలేదు. అంటే బాదం చెట్టు లెక్కలో ఈ ఊరికి ఇంతవరకూ ఒక్క గంట కూడా చలికాలం రాలేదు’ అన్నారు.

ఇంత సులువైన లెక్క మొక్కలు కొనేముందు నాకెవరూ చెప్పలేదు. అమ్మినవాళ్లకి తెలియదనుకోవడం నావల్ల కావడం లేదు. నా 7,800 సంగతి అలా ఉంచితే, వీడియో చూసి అరెకరం, ఎకరం నాటేసేవాళ్లు ఎంతమందో. అప్పుచేసి నాటినవాళ్లు కూడా ఉంటారు.

తర్వాత మకడమియా చూపించారు. పదకొండేళ్ల చెట్లు, రెండంతస్తుల ఇంటంత ఎత్తు. ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు. అంచులు అలల్లా వంకరపోయి, చేత్తో రాస్తే గీసుకుంటాయి. పూత వేలాడే గొలుసుల్లా వస్తుందట. ఒక్కో గొలుసుకి వందల పూలున్నా నిలిచేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని కాయలే. ఈ పప్పుని కోయరు. పండితే అదే రాలుతుంది, నేల మీద ఏరుకోవాలి. నవంబరు కాబట్టి ఆఖరి కాయలు ఆకుల కింద దొరుకుతున్నాయి. పచ్చటి పైతొక్క పగిలి, లోపల గోళీకాయలాంటి గుండ్రటి గోధుమరంగు గింజ. ఎలుకలు తనకంటే ముందే వచ్చి ఏరుకుంటాయని మాస్టారు చెట్టు మొదళ్లకి రేకు చుట్టారు. పెంపుడు కుక్కని మాత్రం ఆ వైపు రానీకుండా కట్టేశారు. మకడమియా కుక్కలకి విషం, తింటే వెనక కాళ్లు పడిపోతాయి.

గింజ పగలగొట్టడం ఇంకో పని. సుత్తితో కొడితే ఎగిరి గోడకి తగిలింది గానీ పగల్లేదు. మాస్టారు నవ్వి, వడ్రంగి వైస్‌లో బిగించి పిడి మెల్లగా తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు. ఒక్కసారిగా ‘ఠప్’ మని తుపాకీ పేలినట్టు మోగింది. పెంకు రెండు చెక్కలైంది, లోపల దంతం రంగు పప్పు చెక్కుచెదరకుండా ఉంది. కొన్ని వారాలు ఆరబెడితే లోపలి పప్పు కుంచించుకుని పెంకుని వదులుతుందట, అప్పుడే పగలగొట్టాలి. పచ్చిగా కొడితే పప్పు పెంకుకి అంటుకుని ముక్కలైపోతుంది. నోట్లో వేసుకున్నాను. వెన్నలా కరిగిపోయింది. ఈ పప్పులో ముప్పాతిక వంతు నూనే.

అంత రుచి చూశాక నాకు ఆశ ఆగలేదు. ‘ఇది మా ఊళ్లో వస్తుందా మాస్టారూ?’ అని అడిగేశాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కంచె పక్క సిల్వర్ ఓక్ చెట్టు వైపు చూపించారు. మకడమియా, సిల్వర్ ఓక్ ఒకే కుటుంబం. రెంటి పుట్టిల్లూ ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతమే. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌ల వాన అడవుల్లో పుట్టిన మకడమియాని 1880ల మొదట్లో హవాయి దీవులకి తీసుకెళ్లి నాటారు. ఇప్పుడు దక్షిణాఫ్రికా, కెన్యా, చైనాల్లో కూడా విస్తారంగా పండిస్తున్నారు. బాదంలా దీనికి అన్ని గంటల చలి అక్కర్లేదు, రాత్రిళ్లు కాస్త చల్లబడితే పూతకొస్తుంది. కానీ 35 డిగ్రీలు దాటితే ఎదుగుదల ఆగిపోతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరు చుట్టుపక్కల పర్వాలేదు. సముద్ర మట్టానికి ఆనుకుని ఉన్న ఊళ్లో వేసవి దాటడం కష్టం. భాస్వరం ఎక్కువైనా ఓర్చుకోలేదు. గుత్తులుగా అల్లుకునే దాని సన్నటి వేళ్లు పేద నేలలోంచి భాస్వరం లాక్కోవడానికి తయారైనవి. ‘అందరూ వేస్తారు కదా అని భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు వేశావో, చెట్టు పోయినట్టే’ అన్నారు. చివరగా చెప్పిన మాట నాకు గట్టిగా తగిలింది.

‘దీని వేళ్లు లోతుకి దిగవు. గట్టి ఈదురుగాలికే పక్కకి ఒరిగిపోతుంది. మీది తుపాన్లు తగిలే తీరం.’

ఇంకేం అడుగుతాను? వచ్చేటప్పుడు నాలుగు గింజలు నా జేబులో పోసి, ఎండు బాదం మొక్కని తన దగ్గరే ఉంచేసుకున్నారు. తోట చూడ్డానికి వచ్చేవాళ్లకి చూపిస్తారట.

ఆదివారం

హోస్కోటె మీదుగా చింతామణి. బావ ఆఫీసులో పనిచేసే కుర్రాడిది ఆ పక్క పల్లె, వాళ్ల నాన్నకి జీడితోట ఉంది. కర్ణాటకే అయినా వాకిట్లో వినపడేదంతా తెలుగే, కోలారు తెలుగు. ‘రాండప్పా, కూర్చోండి. ఏ ఊరు మీది? సముద్రం పక్కనా?’ అని ఆ పెద్దాయన నన్ను పలకరించిన తీరుకి పరాయి ఊరొచ్చినట్టే లేదు.

సముద్రానికి ఇంత దూరంలో, ఇంత ఎత్తులో జీడి పండుతుందని నాకు తెలియదు. చింతామణిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఈ మైదాన ప్రాంతం కోసమే చింతామణి-1, చింతామణి-2 అని రకాలు తీశారు. మనకి బాపట్ల కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 ఎలాగో వీళ్లకి ఇవి అలాగ. పెద్దాయన తోటలో చెట్లు పొట్టిగా, గుండ్రంగా, నేలకి దగ్గరగా ఉన్నాయి. మా తాత చెట్లలా ఆకాశంలోకి పోలేదు. కోత అయిపోగానే ఏటా కత్తిరిస్తారట. గొడుగు చిన్నదైతే గాలికి పట్టు తక్కువ, కాయలు ఏరుకోవడమూ సులువు.

‘గింజ నాటితే బిడ్డ ఎవరి పోలికో తెల్దు. అంటైతే తల్లి పోలికే’ అన్నాడాయన. మా తోట గుర్తొచ్చింది. ఒకే బస్తా గింజల్లోంచి మొలిచిన చెట్లు, ఒకటి విరగకాసేది, పక్కది ఊరికే ఆకులు మోసేది. పిక్క సైజు కూడా చెట్టుకొకటి. జీడిలో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకి చేరుతుంది కాబట్టి గింజ మొక్కలు అలాగే వస్తాయి. పలాస లెక్కలో 80 కిలోల బస్తాకి పప్పు ఎంత దిగిందన్నదే బేరం. పిక్క తాలైతే ఆ బేరంలో మొదట ఓడేది రైతే.

అంటు కట్టడం ఆయన కోడలు చూపించింది. నేను పక్కనే గొంతుక్కూర్చుని కన్నార్పకుండా చూశాను. రెండు నెలల గింజ మొక్కని సంచితో సహా ఒళ్లోకి తీసుకుని, జానెడు ఎత్తులో తల తెంచేసింది. నిలువునా రెండంగుళాల చీలిక పెట్టింది. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని, పది రోజుల ముందే దాని ఆకులు గిల్లేసి ఉంచిందట, కొన మొగ్గ ఉబ్బి ఉంది, రెండు వైపులా చెక్కి చీలలా చేసింది. చీలికలో దించి, బెరడుకి బెరడు కలిసిందో లేదో బొటనవేలి గోటితో తడిమి చూసింది. ఆ ఒక్క చోట మాత్రం ఆమె చెయ్యి నెమ్మదించింది. తర్వాత ప్లాస్టిక్ పట్టీ కింది నుంచి పైకి బిగించి చుట్టి, మీద పుల్ల ఐస్ కవరు టోపీలా తొడిగేసింది. తేమ పోకుండా ఆ టోపీ రెండు మూడు వారాలు ఉండాలి. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ‘వానకాలమైతే బాగా పట్టుకుంటాయన్నా, ఇప్పుడు కట్టేది మీకు చూపించేదానికే’ అంది.

నేను కట్టబోతే చీలిక ఓ పక్కకి పోయింది. మూడోసారికి ఆమె ‘ఇది బతుకుతుంది’ అంది.

నాటేటప్పుడు అంటు దగ్గర ముడి నేలపైనే ఉండాలి. ముడి కింద మొలిచే చిగుళ్లు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, లేకపోతే అడుగు మొక్క పైదాన్ని మింగేస్తుంది. మొదటి రెండేళ్లూ పూత వచ్చినా తీసెయ్యాలి. ఇదొక్కటి మాత్రం ఎవరికీ చేతులు రావు అన్నాడు పెద్దాయన. కొత్త చిగుళ్లు నల్లగా మాడితే టీ దోమ వచ్చినట్టు. చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది రాలి బంక కారుతుంటే కాండం తొలిచే పురుగు. దాన్ని నాలుగు రోజులు చూడకుండా వదిలేస్తే చెట్టు దక్కదు. ‘నాటేది కాదప్పా, సాకేది కష్టం’ అన్నాడు.

తోట గట్టు మీద మామిడిచెట్టు నీడలో కూర్చుని సంగటి తిన్నాం. మామిడి, జీడి, పిస్తా, సారపప్పు చెట్టు, అన్నీ ఒకే కుటుంబం. చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి కూడా. బ్రెజిల్ నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చిన కొత్త చెట్టుకి, జీడిలా చెయ్యి కాల్చే రసం, మామిడిలాంటి ఆకు చూసి మనవాళ్లు ‘జీడిమామిడి’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టిన మనిషెవరో గానీ చెట్టుని ఎంత బాగా చూశాడో అనిపిస్తుంది నాకు. జీడి పుట్టిన ఈశాన్య బ్రెజిల్ తీరంలోనూ ఇసుకే, ఎండే, ఉప్పుగాలే. మన తీరానికొచ్చి పుట్టింట్లో ఉన్నట్టే నిలదొక్కుకుంది. కాశ్మీరులో బాదం ఉన్నట్టు.

రాత్రి అక్క పాయసంలో సారపప్పు వేసింది. మన్యం అడవుల్లో ఎవరూ నీళ్లు పొయ్యకుండా పండే పప్పు. దాన్ని తోటగా ఎందుకు పెంచుకోం మనం? ఈ ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

సోమవారం

కార్తీకంలో ఆఖరి సోమవారం. బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర. అక్కకి ఉపవాసం, అయినా మెట్రోలో మెజెస్టిక్‌లో మారి నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగేదాకా హుషారుగానే ఉంది. అక్కణ్నుంచి జనం నడిపిస్తే నడిచాం.

రోడ్డుకి రెండు పక్కలా గుట్టలు గుట్టలుగా వేరుశనగే. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. చిన్న కాయలు, మూడు గింజల పొడుగు కాయలు, ఎర్ర గింజవి. సేర్లతో కొలిచి పోస్తున్నారు. అమ్మేవాళ్లలో కన్నడం, తమిళం, తెలుగు, మూడూ వినపడ్డాయి. దొడ్డ బసవన్న గుడి కట్టించింది 1537లో కెంపేగౌడ అంటారు. ఒక ఎద్దు రోజూ చేలల్లో పడి వేరుశనగ మేసేస్తుంటే రైతులు తరిమారనీ, అది రాయై పెరగడం మొదలుపెట్టిందనీ, గుడి కట్టి తొలి కాయలు సమర్పిస్తామని మొక్కుకుంటే శాంతించిందనీ కథ. గుళ్లో నల్లటి నంది ముందు నిలబడితే ఆ కథ నమ్మబుద్ధేస్తుంది.

మాగడి వైపు నుంచొచ్చిన ఒక ముసలమ్మ పచ్చికాయలతో పాటు వేళ్లతో పీకిన మొక్కలు కూడా పెట్టుకుంది. మేనకోడలు ఒక మొక్క చేతిలోకి తీసుకుని, ‘కాయలు వేరుకి లేవేంటి మామయ్యా?’ అంది. నిజమే, వేరుశనగ అంటాం గానీ కాయ వేరుకి కాయదు. పైన పసుపు పువ్వు పూస్తుంది. అది వాడాక ఊడ దిగి నేలలోకి గుచ్చుకుంటుంది, దాని కొసన కాయ ఊరుతుంది. అసలిది కంది, పెసర జాతి. కాయకి కావలసిన సున్నపు పోషకం, అంటే కాల్షియం, వేరు పైకి లాగినా కాయకి చేరదు. కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకోవాలి. అందుకే పూత సమయంలో ఎకరాకి 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేస్తారు. నేల గట్టిపడి ఊడ దిగకపోతే కాయ తాలు. రైల్లో పెద్దాయన చెప్పింది అదే. పాపకి ఊడని వేలితో పట్టుకుని చూపించాను. దబ్బనంలా కొస వాడిగా ఉంది, ఆ కొసనే ఒక లేత కాయ కందిగింజంత అయ్యింది. ఇదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. ఈ రోజు ఇక్కడ దానికి జాతర జరుగుతోంది.

లేత జీడితోటలో వరసల మధ్య మూడు నాలుగేళ్లు వేరుశనగ వేసుకోవచ్చని నిన్న పెద్దాయన అన్న మాట అక్కడ గుర్తొచ్చింది. అక్క ఉడకబెట్టిన కాయల పొట్లం పట్టుకుని, నక్షత్రం కనపడ్డాక ఇంటికెళ్లి దీపం పెట్టే తింటానని నడుస్తోంది. జనం పల్చబడ్డ చోట ఆగి నాన్నకి ఫోన్ చేశాను.

బాదం సంగతి చెప్పాను. మకడమియా రెండు గింజలు మాత్రం పెరట్లో గాలి తగలని మూల పెడతానన్నాను. ‘పెట్టు, చూద్దాం’ అన్నాడు. తోటలో జీడే వేద్దాం, ఈసారి అంట్లు, మధ్యలో వేరుశనగ, చెట్టుని ఎత్తు పోనివ్వకుండా కత్తిరిద్దాం అన్నాను. కాసేపు మాట లేదు.

‘విత్తనానికి జాతరలో కాయలు కొనకు. ఏ రకమో తెలీదు. తినడానికి తెచ్చుకో.’

‘సరే నాన్నా. గోతులు పాతిక అడుగులకి తీయిద్దామా?’

‘తాడు పట్టి పుల్లలు పాతేశాను రా మొన్నే. ఉన్న పదకొండూ పోను తొంభై నాలుగు వచ్చాయి.’